ఇంజిన్ ఆగితే... చాపే దిక్కు!

తెరచాప విద్యలో రెండో మెట్టు: గాలి ముదిరితే ఏం చేయాలి?

గోపాల్‌పూర్ ఒడ్డుకు ఆరేడు మైళ్ల దూరం. మధ్యాహ్నం రెండు దాటింది. ఫైబర్ తెప్పలో నలుగురు. వల లాగడం అయిపోయింది. ఐసుపెట్టె నిండలేదు గానీ ఖర్చులైతే వచ్చేట్టున్నాయి. ఇక ఇంటికి పోదామని ఇంజిన్ తాడు లాగారు. ఓసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ లాగారు. ఊహూఁ... కదల్లేదు. వాయవ్యాన మబ్బు నల్లబడుతోంది. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ లేదు.

ఇప్పుడేం చేయాలి?

ఇదే ప్రశ్న తాతను అడిగితే తెప్పలో చాప ఉందా అని చూస్తాడు. మనవడిని అడిగితే ఫోను వంక చూస్తాడు. ఇద్దరి మధ్యా ఒక తరమో రెండు తరాలో తేడా. ఆ తేడాలో మన ఒడ్డు పోగొట్టుకుంటున్నది ఒక వస్తువు కాదు, ఒక విద్య. ఇంజిన్ వచ్చి మనకు మేలే చేసింది, కాదనలేం. దూరం వెళ్తున్నాం, తొందరగా వస్తున్నాం. కానీ ఇంజిన్ ఆగిన రోజున ప్రాణం నిలబెట్టేది ఆ పాత విద్యే. దాన్ని ‘ముసలోళ్ల పని’ అని పక్కన పెడితే నష్టం మనకే.

మన ఒడ్డు... మన చాప

పూరీ వెళ్లిన యాత్రికులందరికీ ‘నోలియా’లు తెలుసు. తలమీద కోసుగా ఉండే టోపీ పెట్టుకుని, సముద్రస్నానానికి దిగినవాళ్ల చేయి పట్టుకుని కెరటాలు దాటించేవాళ్లు. ఆ నోలియాల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. పూరీలో పెంఠకటా మొదలుకొని గోపాల్‌పూర్, ఆర్జిపల్లి, ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న సోనాపూర్ దాకా వాడబలిజ, జాలారి కుటుంబాలు తరాలుగా వేట మీద బతుకుతున్నాయి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. సముద్రం మీదకు పోతే మాత్రం ఒకప్పుడు అందరిదీ ఒకటే భాష... గాలి భాష.

నాలుగైదు దుంగలు తాళ్లతో బిగించి కట్టిన తెప్ప. దానిమీద ఒక కొయ్య. కొయ్యకు ఏటవాలుగా కట్టిన పొడవాటి వాసం, దానికి వేలాడే మూడు మూలల చాప. వెనక చుక్కాని పని చేసే తెడ్డు. పక్కగాలికి తెప్ప జారిపోకుండా నీళ్లలోకి దించే పలక. సరంజామా మొత్తం ఇంతే. ఇంత తక్కువ సామానుతో తెల్లవారుజామున ఒడ్డుగాలికి బయల్దేరి, మధ్యాహ్నం సముద్రపు గాలికి ఇంటికి చేరేవాళ్లు.

దక్షిణాన యానాం వైపు చూసినా అంతే. దాని పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. అక్కడి నుంచి బర్మా వెళ్లినవాళ్లెందరో! చివరికి అక్కడ తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అనే పేరే స్థిరపడిపోయింది. గౌతమిలోనూ చాప పడవలు తిరిగాయి. అంటే చాప మనకు కొత్తా కాదు, పరాయిదీ కాదు. మధ్యలో మరిచిపోయిన చుట్టం, అంతే.

మొదటి మెట్టు దాటితేనే...

చాప ఎత్తడం, తెడ్డు పట్టడం, ఎదురుగాలికి ముక్కు తిప్పి ఆపడం, నాలుగు ముడులు వేయడం... ఇదంతా మొదటి మెట్టు. చిరుగాలిలో, తేట నీళ్లలో ఎవరైనా పది రోజుల్లో నేర్చుకోవచ్చు. సెయిలింగ్ క్లబ్బుల్లో పిల్లలకు తొలి శిక్షణా ఇదే.

అసలు పరీక్ష రెండో మెట్టులో ఉంటుంది. గాలి పెరిగితే చాప ఎంత తగ్గించాలి? ఎప్పుడు తగ్గించాలి? వాలుగాలిలో చాప ఒక పక్క నుంచి మరో పక్కకు విసురుగా తిరిగితే ఎలా కాచుకోవాలి? పడవ బోల్తా పడితే? మనిషి నీళ్లలో పడితే? కెరటాలు విరిగే చోట ఒడ్డుకు ఎలా రావాలి? ఈ మెట్టు ఎక్కనివాడికి చాప ఆటవస్తువు. ఎక్కినవాడికి అది రెండో ఇంజిన్.

గాలిని చదవండి

మన తీరాన గాలికి ఒక దినచర్య ఉంది. రాత్రి నేల చల్లబడుతుంది, నీరు వెచ్చగా ఉంటుంది. అందుకే తెల్లవారుజామున గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదకు వీస్తుంది. పొద్దెక్కి నేల కాలిందంటే గాలి తిరగబడుతుంది. మధ్యాహ్నానికి సముద్రం నుంచి ఒడ్డుకు కొడుతుంది. పొద్దున్న పోవడం, మధ్యాహ్నం రావడం అనే వేట వేళల వెనకున్న రహస్యం ఇదే.

సంవత్సరానికీ ఒక లెక్కుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి. అక్టోబరు దాటితే ఈశాన్యపు గాలి. నీటి ఒరవడి కూడా మారుతుంది. వేసవికి ముందు తీరం వెంబడి ఉత్తరానికి లాగే ప్రవాహం, అక్టోబరు తర్వాత దక్షిణానికి లాగుతుంది. ఇంజిన్ ఆగిన పడవ ఎటు కొట్టుకుపోతుందో ఊహించడానికి ఈ రెండు లెక్కలూ కావాలి. గంజాం తీరాన ఇంజిన్ పోగొట్టుకున్న పడవ నవంబరులో ఒరవడికి ఆంధ్రా వైపు జారుతుంది. మార్చిలో అయితే పూరీ వైపు.

గాలి ఎంతుందో చెప్పడానికి యంత్రం అక్కర్లేదు. నీళ్ల మీద అక్కడక్కడా తెల్లటి నురగలు మొదలయ్యాయంటే గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటుతోందని అర్థం. ఎటు చూసినా నురగే కనిపిస్తూ తుంపర లేస్తోందంటే 35 దాటినట్టు. చిన్న పడవలు ఆ పాటికి ఒడ్డున ఉండాలి.

చాప చెప్పే మాట వినండి

చాప సర్దడంలో అన్ని దేశాలవాళ్లూ ఒప్పుకునే సూత్రం ఒకటుంది. సందేహం వస్తే తాడు వదలండి. చాప ముందంచు రెపరెపలాడేదాకా వదిలి, ఆ రెపరెప ఆగేదాకా మాత్రమే మళ్లీ లాగండి. అక్కడ ఆపండి. ఆ గాలికి చాప సరిగ్గా నిలబడే చోటు అదే.

కొత్తగా నేర్చుకున్నవాళ్లలో నూటికి తొంభై మంది చేసే పొరపాటు చాపను అతిగా బిగించడం. బిగువుగా ఉంటే బాగా లాగుతుందనుకుంటారు. పడవ పక్కకు ఒరుగుతుంది, వేగం మాత్రం పెరగదు. క్లబ్బు పడవల్లో చాప మీద రెండు మూడు ఉన్నిదారం ముక్కలు అంటిస్తారు. చాపకు రెండు వైపులా దారాలు వెనక్కి నిటారుగా ఎగురుతుంటే సర్దుబాటు సరిపోయినట్టు. గాలి తగిలే వైపు దారం ఎగిరెగిరి పడుతుంటే తాడు కాస్త లాగాలి. అవతలి వైపు దారం గిలగిలలాడుతుంటే వదలాలి. రూపాయి ఖర్చు లేని గురువు అది!

రెండో పాఠం చాప పొట్ట. చిరుగాలికి చాప కాస్త పొట్ట తేలి ఉండాలి. గాలి పెరిగేకొద్దీ ఆ పొట్ట తగ్గించి, చాపను పలకలా చదును చేయాలి. చాప ఎత్తే తాడును, కింది అంచును బిగిస్తే పొట్ట తగ్గుతుంది. నూలు చాపల రోజుల్లో మనవాళ్లది మరో చిట్కా. గాలి పలచగా ఉంటే చాప మీద నీళ్లు చల్లేవాళ్లు. తడిసిన నూలు ఉబ్బి, సందులు మూసుకుని గాలిని పట్టి ఉంచుతుంది. ఏ పుస్తకం చదివి నేర్చుకున్నారు చెప్పండి?

వాలుగాలి... తియ్యటి శత్రువు

ఎదురుగాలికి నేరుగా ఏ చాప పడవా పోలేదు. వంకర టింకరగా కాసేపు ఇటు, కాసేపు అటు పోతూ పైకి ఎక్కాలి. ముక్కును గాలిలోంచి దాటించి పక్క మార్చడాన్ని సెయిలర్లు ‘ట్యాకింగ్’ అంటారు. ఇందులో చాప మధ్యలో రెపరెపలాడుతుంది కాబట్టి దెబ్బ తగలదు. కష్టమే గానీ ప్రమాదం తక్కువ.

వాలుగాలిలో పక్క మార్చడం ‘జైబింగ్’. దీన్నే జాగ్రత్తగా నేర్చుకోవాలి. గాలి వెనక నుంచి వస్తున్నప్పుడు హాయిగా ఉంటుంది. పడవ పరుగెడుతుంది, ఒంటికి గాలి తగలదు. ఆ హాయిలో చుక్కాని కాస్త పక్కకు పోయిందో... చాప, దాని కింది కర్ర మొత్తం ఒక్క విసురున ఈ పక్క నుంచి ఆ పక్కకు తిరుగుతాయి. తల అడ్డం వస్తే తల పగులుతుంది. గాలి గట్టిగా ఉంటే కొయ్య విరుగుతుంది, లేదా పడవే బోల్తా పడుతుంది.

జాగ్రత్త ఏమిటంటే, పక్క మార్చే ముందు గట్టిగా కేక వేసి అందర్నీ తల వంచమనాలి. చాప తాడును ముందే లోపలికి లాగి, కర్రను మధ్యకు తెచ్చి, గాలి అవతలి పక్కకు మళ్లగానే వదలాలి. మన పాత తెప్ప చాపలో వాసాన్ని కొయ్యకు ఆ పక్క నుంచి ఈ పక్కకు మళ్లించాలి కాబట్టి ఇంకా నిదానం కావాలి. గాలి మరీ గట్టిగా ఉంటే జైబ్ చేయనే వద్దు. ముక్కును గాలి వైపు తిప్పి, చుట్టు దారిన ట్యాక్ చేసి వచ్చినా ఫలితం ఒకటే. నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పడనివ్వండి!

తగ్గించడమే తెలివి

గాలి రెట్టింపైతే చాప మీద పడే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు! గంటకు 15 కిలోమీటర్ల గాలి 30కి చేరిందనుకోండి. కాసేపటి క్రితం నలుగురు లాగిన బరువును ఇప్పుడు పదహారు మంది లాగుతున్నట్టు. రెండో మెట్టు మొత్తంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి.

అందుకే చాప తగ్గించడం నేర్చుకోవాలి. దీన్ని ‘రీఫింగ్’ అంటారు. చాపలో అడ్డంగా ఒకటి రెండు వరసల్లో కన్నాలు, పొట్టి తాళ్లు ఉంటాయి. ముందు పడవను ఎదురుగాలికి దగ్గరగా తిప్పి, చాప తాడు వదిలి బరువు తగ్గించాలి. చాపను ఆ వరస దాకా దించాలి. ముందు మూల కట్టాలి. తర్వాత వెనక మూలను కిందికీ వెనక్కీ గట్టిగా లాగి కట్టాలి. చాపను తిరిగి బిగువుగా ఎత్తాలి. మిగిలిన గుడ్డను పొట్టి తాళ్లతో చుట్టి కట్టేయాలి. ఈ వరస తప్పితే చాప చిరుగుతుంది. ఒడ్డున ఇసుకలో పడవ పెట్టుకుని కళ్లు మూసుకుని చేయగలిగేదాకా సాధన చేయాలి. ఎందుకంటే అసలు అవసరం చీకట్లో, వానలో వస్తుంది.

ఎప్పుడు తగ్గించాలి? ‘తగ్గించాలేమో’ అని మొదటిసారి మనసులో అనిపించిన క్షణంలోనే. ప్రపంచంలో ఏ సరంగును అడిగినా ఇదే జవాబు. ఇంకాసేపు చూద్దామనుకుంటే, ఆ ‘ఇంకాసేపు’ గడిచేసరికి చేతులు చాలవు. తగ్గించాక గాలి తగ్గిపోతే నష్టమేంటి? మళ్లీ ఎత్తుకోవచ్చు. ఇందులో పరువు పోయేదేమీ లేదు. ఒడ్డుకు చేరినవాడికే పరువైనా, చేపలైనా!

మబ్బు ముంచుకొస్తే

తుఫాను చెప్పి వస్తుంది. వాయుగుండం పట్టిన రోజు నుంచే రేడియో, టీవీ, పేపరు మోగుతూనే ఉంటాయి. చెప్పకుండా వచ్చేది వేసవి గాలివాన. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వేళ వాయవ్యం నుంచి దూసుకొచ్చే కాలవైశాఖి. అరగంటలో వస్తుంది, గంటలో పోతుంది. ఆ గంటే ప్రాణాంతకం.

దాని గుర్తులు పట్టుకోవాలి. పశ్చిమ, వాయవ్య దిక్కుల్లో మబ్బు కోటలా పైకి లేస్తుంది. అడుగు భాగం నల్లగా చదునుగా ఉంటుంది. అప్పటిదాకా వీచిన సముద్రపు గాలి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ ఊపిరాడని నిశ్శబ్దం తర్వాత చల్లటి గాలి ఒంటికి తగులుతుంది. దూరాన నీళ్లు నల్లబడి, ఆ నలుపు మన వైపు పరుగెత్తుకొస్తుంది. చల్లగాలి తగిలేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

మబ్బు కనబడగానే చేయాల్సింది ఇది. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి. చాప పూర్తిగా దించి కట్టేయాలి. సామాను, వల, డబ్బాలు కదలకుండా బిగించాలి. నీళ్లు తోడే డబ్బాను తాడుతో పడవకు కట్టాలి. ఒడ్డు దగ్గరుంది కదా అని విరిగే కెరటాల వైపు పరుగెత్తకూడదు. గాలివానలో ఒడ్డు చుట్టం కాదు, శత్రువు. లోతు నీళ్లలో ఉన్న పడవకు ఊపు ఉంటుంది గానీ ఒడ్డు దగ్గర విరిగే కెరటంలో చిక్కిన పడవ ముక్కలవుతుంది. అలాగని తీరానికి అందనంత దూరం కొట్టుకుపోకూడదు.

ఇక్కడే మనవాళ్ల పాత ఉపాయం పనికొస్తుంది. వలను తాడుతో ముక్కుకు కట్టి నీళ్లలోకి వదిలేస్తే, ఆ వల నీటిలో బరువుగా లాగుతూ పడవ ముక్కును కెరటాలకు ఎదురుగా నిలబెడుతుంది. పడవ కొట్టుకుపోయే వేగమూ తగ్గుతుంది. విదేశాల్లో ఇదే పనికి గుడ్డ గొడుగులాంటి ‘సీ యాంకర్’ కొనుక్కుంటారు. మన తాతలకు వలే సీ యాంకర్!

రెండు చాపల పడవలో ‘హీవ్ టు’ అనే పద్ధతి ఉంది. ముందు చాపను గాలికి వ్యతిరేకంగా ఉంచి, పెద్ద చాప వదులు చేసి, చుక్కానిని ముక్కు గాలి వైపు తిరిగేట్టు కట్టేస్తారు. ఒకటి ముందుకు నెడుతుంటే ఇంకొకటి ఆపుతుంది. పడవ దాదాపు నిలబడిపోతుంది. అన్నం తినడానికి, గాయానికి కట్టు కట్టడానికి, ఊపిరి పీల్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు సముద్రంలో దొరకదు.

కెరటాల గుమ్మం

గోపాల్‌పూర్, పూరీ తీరాల్లో ఓపెన్ బీచ్. నేరుగా కెరటాల మీదుగానే రాకపోకలు. ఎందరో సముద్రం మధ్యలో కాకుండా, ఇల్లు కనబడేంత దూరంలో ప్రమాదాల్లో చిక్కుకునేది ఇక్కడే. పూర్వం ఈ తీరాన పలకలను మేకులతో కాకుండా తాళ్లతో కుట్టిన పడవలు వాడడానికి కారణమూ ఇదే. కెరటం కొడితే కుట్టు పడవ వంగుతుంది, పగలదు.

ఒడ్డుకు వచ్చేటప్పుడు విరిగే కెరటాలకు బయటే ఆగాలి. కెరటాలు గుంపులుగా వస్తాయి. పెద్దవి కొన్ని పోయాక కాసేపు చిన్నవి ఉంటాయి. ఆ లెక్క పట్టుకునేదాకా చూస్తూ కూర్చోవాలి. తర్వాత ఒక కెరటం వీపు మీద ఎక్కి, దాని వెనకే రావాలి. ముందుకు దూకి కెరటం ముఖం మీదకు జారితే పడవ అడ్డం తిరుగుతుంది, బోల్తా పడుతుంది. బరువు వెనక ఉంచి, తెడ్డు నీళ్లలోంచి పైకి రాకుండా చూసుకోవాలి.

బోల్తా పడితే... పడవను వదలొద్దు

చిన్న పడవ బోల్తా పడడం వింత కాదు. క్లబ్బుల్లో పిల్లలకు కావాలని బోల్తా కొట్టించి మరీ నేర్పుతారు. మొదట తలలు లెక్కపెట్టాలి. ఎవరైనా చాప కింద ఇరుక్కున్నారేమో చూడాలి. చాప తాడు వదిలేయాలి. లేకపోతే లేచిన పడవ మళ్లీ పడుతుంది. పడవ ముక్కును గాలి వైపు తిప్పాలి. అడుగు పలక మీద ఎక్కి నిలబడి వెనక్కి వాలితే పడవ నెమ్మదిగా లేస్తుంది.

లేవకపోతే? పడవనే పట్టుకుని ఉండాలి. ఒడ్డు కనబడుతోంది కదా అని ఈత కొట్టడం ఎంతో మందిని బలి తీసుకున్న పొరపాటు. నీళ్ల మీద మనిషి తల కొబ్బరికాయంత. విమానం నుంచైనా, పడవ నుంచైనా కనబడదు. బోర్లా పడిన పడవ కనబడుతుంది.

మనిషి నీళ్లలో పడితే ఒకరు అతని వైపే వేలు చూపిస్తూ ఉండాలి. ఆ ఒక్కరికీ వేరే పని చెప్పకూడదు. తేలేది ఏది దొరికితే అది వెంటనే విసరాలి. పక్కగాలికి కాస్త దూరం పోయి, ట్యాక్ చేసి తిరిగి వచ్చి, గాలికి ఏటవాలుగా సమీపించి చాప తాడు వదిలేస్తే పడవ అతని పక్కనే నిలుస్తుంది. కొబ్బరి బోండాం నీళ్లలో వేసి దీన్ని పదే పదే సాధన చేయొచ్చు. సాధనలో బోండాం పోతే పోనీ!

తెలుగమ్మాయిలూ ఉన్నారు

చాప పని మగవాళ్లదేనా? 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరిన ఐఎన్ఎస్‌వీ తారిణి 2018 మే 21న తిరిగొచ్చింది. 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టింది. సిబ్బంది ఆరుగురూ నౌకాదళం మహిళా అధికారులే. వర్తికా జోషి నాయకత్వంలోని ఆ జట్టులో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. ఆ పడవ పొడవు 17 మీటర్లు. దక్షిణ పసిఫిక్‌లో భీకర తుఫానును దాటి, నావికులు భయంతో తలుచుకునే కేప్ హార్న్‌ను చుట్టి వచ్చారు. వాళ్లు చేసిందీ ఇదే... గాలి ముదరకముందే చాప తగ్గించడం, వంతులవారీగా చుక్కాని పట్టడం, ఓపికగా కాచుకోవడం.

చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున సెయిలింగ్ చేసింది. కెరటాల్లో పుట్టి పెరిగిన మన జాలారి బిడ్డలకు అది అందనిదా?

ఎక్కడ నేర్చుకోవచ్చు?

చెన్నై రేవులో రాయల్ మద్రాస్ యాచ్ క్లబ్, తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ శిక్షణ ఇస్తున్నాయి. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలనూ చేరదీసి నేర్పుతోంది. సముద్రమే లేని ఊరి పిల్లలు జాతీయ పోటీల్లో పాల్గొంటుంటే, గుమ్మంలో సముద్రమున్న పిల్లలు చూస్తూ కూర్చోవడం చిత్రం కదా! కాలేజీలో చదివేవాళ్లకు మరో దారి ఎన్‌సీసీ నౌకాదళ విభాగం. అందులో తెడ్డు పడవతో పాటు చాప పడవనూ నేర్పుతారు.

అన్నిటికంటే దగ్గరి బడి మాత్రం మీ వీధిలోనే ఉంది. పాత తెప్ప మీద చాప ఎత్తిన తాతలు ఇంకా ఊరికి ఒకరిద్దరు మిగిలారు. వాళ్లకు పుస్తకం రాయడం రాదు. చేతిలో తాడు పెడితే మాత్రం అన్నీ గుర్తొస్తాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఇంజిన్ లేని సంప్రదాయ పడవలకు అది వర్తించదు. ఆ రెండు నెలల్లో, పొద్దున్న పూట చిరుగాలిలో, ఓ తాత, నలుగురు మనవలు, ఒక చాప చాలు. సాయంత్రం మబ్బు లేవకముందే ఒడ్డున ఉంటే సరి.

సముద్రం గెలిచే రోజులూ ఉంటాయి

ఎంత విద్య ఉన్నా వెళ్లకూడని రోజు వెళ్లకపోవడమే గొప్ప విద్య. 1996 నవంబరు 6న కోనసీమ, యానాం ప్రాంతాలను తాకిన తుఫాను వేటకెళ్లిన ఎందరినో మింగేసింది. ఆ కడుపుకోత యానాం చుట్టుపక్కల ఇంకా మానలేదు. 1999 అక్టోబరులో గంజాం తీరాన్ని ఒక తుఫాను, పన్నెండు రోజులకే పారదీప్ వైపు మహా తుఫాను కొట్టాయి. వేలమంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి తక్కువేమీ కాదు. కానీ హెచ్చరిక ముందే అందింది, ఒడిశాలో సుమారు 10 లక్షల మందిని ముందే తరలించారు. ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. తేడా గాలిలో లేదు, వినడంలో ఉంది.

ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, గాలి, ఒరవడి అంచనాలను తెలుగు, ఒడియా సహా తీర భాషల్లో అందిస్తోంది. వినేవాళ్లకు అది తాత లెక్కకు తోడు. తాత లెక్క, యంత్రం లెక్క రెండూ కలిసిన రోజున బయల్దేరండి. ఒక్కటి కాదన్నా ఆగండి. పడవలో ఇంజిన్ పక్కన ఒక చిన్న చాప చుట్టి పెట్టుకోండి. అది వాడే అవసరం రాకపోతే సంతోషం. వస్తే మాత్రం, వాడడం తెలిసి ఉండాలి.

వేటకెళ్లే ముందు...

• వాతావరణ శాఖ గంటకు 45 కిలోమీటర్లు, ఆపైన గాలులన్నదంటే తెప్ప తీయొద్దు.

• రేవులో 1, 2 నంబర్లు దూరపు ముప్పుకు గుర్తు. 3వ నంబరు పడితే ఈదురుగాలులు మన రేవుకే రావచ్చని. 4 అయితే తుఫాను తాకొచ్చని. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 మహా ప్రమాదం. 11 పడితే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగినట్టు.

• మనిషికో లైఫ్ జాకెట్. ఒంటి మీద ఉంటేనే అది జాకెట్, అడుగున ఉంటే బరువు.

• చాప, కొయ్య, అదనపు తాడు, కత్తి, తెడ్లు, నీళ్లు తోడే డబ్బా, టార్చి, తాగునీరు.

• వీహెచ్ఎఫ్ సెట్ ఉంటే ఆపదలో ఛానల్ 16. సిగ్నల్ అందితే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

• ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. రాకపోతే వెతకాల్సింది ఎక్కడో వాళ్లకు తెలియాలి కదా!